ఱ రోజు, చెరకు రసం బండి, మరికొన్ని సంగతులు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ ఉత్తరం ఎఫ్ఏ-1 పరీక్షల గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ నాలుగు రోజులుగా గేటు దగ్గరా, గ్రూపులోనూ అంతా చెరకు రసం బండి గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి ముందు అదే చెబుతాను. జూలై 31న మన ఏడో తరగతి వాళ్ళు 'ఱ రోజు' జరుపుకున్నారు, అంటే ఇప్పుడు దాదాపు వాడుకలో లేని బండి ఱ అనే అక్షరానికి ఒక పండగ. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ ముగ్గురు పిల్లలు బస్టాండు దగ్గరి బండి మీద 'చెరకు'లో ర కొట్టేసి, చెరగని మార్కర్‌తో పాత రాతలో ఉన్నట్టు ఱ రాశారు. తప్పే. మర్నాడు ముగ్గురినీ వెంటబెట్టుకుని నేనే వెళ్ళి క్షమాపణ చెప్పించాను. బోర్డుకు మళ్ళీ రంగు వేయించే ఖర్చు బడిదే. బండి ఆయన పెద్దమనసుతో పిల్లలకు తలో గ్లాసు రసం ఇచ్చి పంపారు. పోలీసులు వచ్చారన్నది మాత్రం పచ్చి అబద్ధం.

"పెళ్ళికి రెండు రోజులు అడిగితే ఇవ్వరు గానీ అక్షరానికి సెలవా?" అని ఒకరు అడిగారట. సెలవు ఇవ్వలేదండీ. ఆఖరి రెండు పీరియడ్లు, అంతే.

ఈ ఆలోచన నాది కాదు, మీ పిల్లలదే. రష్యాలో 'యో' అనే అక్షరానికి నవంబరు 29న పండగ చేసుకునేవాళ్ళున్నారని ఒకమ్మాయి లైబ్రరీలో చదివింది. 1783లో అదే రోజున అప్పటి రష్యా పండితసభ అధ్యక్షురాలు యెకతెరీనా దాష్కోవా ఇంట్లో పండితులు కూర్చున్నప్పుడు ఆ అక్షరం మాట వచ్చింది. అక్కడి ఉల్యనోవ్‌స్క్ నగరంలో దానికి రాతి స్మారకం కూడా ఉంది, 2005లో పెట్టారు. 'యే' మీద రెండు చుక్కలు పెడితే 'యో'. అచ్చులో చాలామంది ఆ చుక్కలు వదిలేస్తారు. అందుకే, మన పేపర్లు ఏళ్ళ తరబడి గోర్బచేవ్ అని రాసిన సోవియట్ పెద్దమనిషి పేరు చివర అసలు పలకాల్సింది 'చోఫ్' అని! ఇదంతా క్లాసులో చెప్పి, "మన దగ్గర అలా వదిలేసిన అక్షరం లేదా టీచర్?" అని అడిగింది. లేకేం తల్లీ. అక్షరమాల చార్టులో చివరి గడిలో, రంపం బొమ్మ పక్కన కూర్చుని ఉంటుంది.

పాత అక్షరం ఇప్పుడెందుకని అడిగేవారికి ఒక్కమాట. మనం ఉంటున్నది అద్దంకిలో. ప్రోలయ వేమారెడ్డి ఇక్కడి నుంచి ఏలిన రోజుల్లో ఆయన ఆస్థానకవి ఎఱ్ఱన. నన్నయ వదిలిన అరణ్యపర్వాన్ని పూర్తి చేసిన మహాకవి. ఆయన పేరులోనే బండి ఱ ఉంది, ఆయన ఊరి పిల్లలకు అది తెలియకపోతే ఎలా? ఒకప్పుడు ర, ఱ రెండూ వేరు ధ్వనులు. పద్యంలో రెంటినీ కలిపి ప్రాస వేస్తే పాతకాలపు లాక్షణికులు ఒప్పుకునేవారు కాదు. వేరు అంటే చెట్టు వేరు, వేఱు అంటే ఇంకొకటి. ఏరు అంటే నాగలి, ఏరువాకలో ఉన్నది అదే. ఏఱు అంటే మన గుండ్లకమ్మ. నోట్లో ఆ తేడా పోయి చాలాకాలమైంది, ఒప్పుకుంటాను. తమిళులూ మలయాళీలూ మాత్రం రెంటినీ నేటికీ వేరువేరుగా రాసుకుంటున్నారు.

31వ తేదీ ఎందుకంటారా? కంప్యూటర్‌లో అక్షరాలకు ఇచ్చే యూనికోడ్ వరుసలో ర అంకె 0సి30, ఱ అంకె 0సి31. కనిపెట్టింది లెక్కల్లో ఎప్పుడూ వెనకబెంచీలో కూర్చునే అబ్బాయి. ఇంకొకడు ముత్తాతగారి దస్తావేజు జిరాక్స్ తెచ్చాడు. తూర్పు హద్దు, 'చెఱువు గట్టు'. ఆ కాగితం చుట్టూ నలభై తలలు మూగితే నాకు చోటు దొరకలేదు. వాణ్ణి చూసి ఎంత పొంగిపోయానో చెప్పలేను.

మార్కులు పోతాయన్న టెన్షన్ వద్దు. పరీక్షలో పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే, 'చెరువు' అనే రాస్తారు. ఆ సంగతి పిల్లలకు మనకన్నా బాగా తెలుసు.

ఇక, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఇంట్లో ఉన్న పాత తెలుగు కాగితం ఏదైనా పంపమంటే పదకొండు ఇళ్ళ నుంచే వచ్చింది. ఒకరు కరెంటు బిల్లు పంపారు. రాత్రి పదకొండు దాకా మెసేజ్‌లు పెట్టే తీరిక ఉన్నవారికి బీరువా తీసే తీరిక లేదనుకోను. ఆ మెసేజ్‌లైనా తెలుగు అక్షరాల్లో పెడితే మాకు మేలు. మొన్న ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో తమవాడికి 'kallu' నొప్పి అని రాస్తే క్లాస్ టీచర్ కళ్ళనుకున్నారు, పీఈటీ సార్ కాళ్ళనుకుని ఆటలు మాన్పించారు. కల్లు అని ఎవరూ చదవలేదు, సంతోషం.

ఎఫ్ఏ-1 వచ్చే సోమవారం నుంచి. ఆగస్టు 15న తెల్ల యూనిఫాం, ఏడున్నరకల్లా. బస్సు ఫీజు బాకీలు ఈ నెలలో కట్టేయండి. టిఫిన్ బాక్సులో చిప్స్ వద్దని ఇప్పటికి మూడోసారి చెప్పడం.

ఆ చెరగని మార్కర్ నా టేబుల్ సొరుగులో ఉంది. నాది కాదంటే నాది కాదని ముగ్గురూ అంటున్నారు. ఎవరింటిదో వచ్చి తీసుకెళ్ళండి, పిల్లలతో మాత్రం పంపను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు