అమ్మమ్మ చేతికి ఇచ్చి చూడు

బంగారం,

కాంగ్రెషనల్ యాప్ ఛాలెంజ్‌కి పేరిచ్చావని నాన్న చెప్పగానే నాకు ఎంత సంతోషం వేసిందో! ఎదురుగా మొదలుపెడితే "తర్వాత అమ్మా" అంటావు, అందుకే రాస్తున్నాను. మనబడిలో నేర్చుకున్న తెలుగు దీనికి సరిపోతుంది. ఎక్కడైనా ఆగిపోతే అమ్మమ్మని అడుగు.

స్కూలు పిల్లలు సొంతంగా యాప్ తయారుచేసే పోటీ ఇది, 2013లో అమెరికా ప్రతినిధుల సభ తీర్మానం చేసి పెట్టింది. ఏ డిస్ట్రిక్ట్ (అంటే కాంగ్రెస్ నియోజకవర్గం) పిల్లలకి ఆ డిస్ట్రిక్ట్ కాంగ్రెస్ సభ్యుల ఆధ్వర్యంలోనే జరుగుతుంది. ఒక్కరే చేయొచ్చు, నలుగురి దాకా జట్టు కట్టొచ్చు, ఏ ప్రోగ్రామింగ్ భాషయినా పరవాలేదు. గెలిచిన యాప్‌ని వాషింగ్టన్‌లో క్యాపిటల్ భవనంలో ప్రదర్శిస్తారు. అందుకే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడే కాలేజీ అప్లికేషన్ల లెక్కలు మొదలయ్యాయి. ఫలానావాళ్ళు కోచ్‌ని పెట్టారట, ఫలానా అబ్బాయికి వాళ్ళ నాన్నే రాత్రిళ్ళు కూర్చుని రాసిస్తున్నాడట. ఆ మాటలు నీ దాకా వస్తే టెన్షన్ పడకు. నీ కోడ్‌ని నేనూ నాన్నా ముట్టుకోము. పదిహేనేళ్ళ పిల్ల సొంతంగా కట్టినది ఎంత చిన్నదైనా నాకు అదే కావాలి.

కానీ టెస్టింగ్ నా వృత్తి కదా, చూసింది చెప్పకుండా ఉండలేను. మొన్న ఆదివారం నువ్వు అమ్మమ్మకి, వేళకి మాత్రలు గుర్తుచేసే నీ యాప్ ఇచ్చినప్పుడు పక్కనే ఉండి "ఇక్కడ నొక్కు అమ్మమ్మా, ఇప్పుడు పైకి జరుపు" అని చెబుతూనే ఉన్నావు. అలా చెప్పకూడదు. ఫోను చేతికిచ్చి, "పొద్దున వేసుకున్న మాత్ర ఇందులో పెట్టు" అని ఒక్క మాట అని, ఇక నోరు విప్పకుండా కూర్చోవాలి. ఆవిడ వేలు ఎక్కడికి పోతోంది, ఎక్కడ ఆగింది, ఎప్పుడు కళ్ళజోడు సర్దుకుంది, అవన్నీ రాసుకో. సాయం చేయాలని నీ ప్రాణం కొట్టుకుంటుంది, నాకు తెలుసు. ఆపుకో.

నువ్వు స్నానానికి వెళ్ళాక నేను చూసింది చెబుతాను. "వేసుకున్నాను" అనే బటన్‌లో న ఒత్తు కిందికి దిగి సగం తెగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేలా బటన్ ఎత్తు కట్టేశావు, మన ఒత్తులకి కింద చోటు కావాలి. ఎత్తు అంకె తీసేసి, అక్షరాన్ని బట్టి బటన్ పెరిగేలా పెట్టు. పక్కనే "మర్చిపోయాను" ఉంది, రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. అమ్మమ్మ బొటనవేలితో నొక్కితే ఒకదానికి బదులు ఇంకోటి పడింది. నొక్కే చోటు కనీసం 44 పాయింట్లు ఉండాలని యాపిల్, 48 డీపీ ఉండాలని గూగుల్ చెబుతాయి (రెండూ తెర మీది సైజుకి కొలతలే). అమ్మమ్మ కోసం ఇంకాస్త పెద్దదే చెయ్యి, మధ్యలో ఖాళీ వదులు. లేత బూడిద రంగు అక్షరాలు నీ కంటికి అందంగా ఉన్నాయి కానీ శుక్లాల ఆపరేషన్ అయిన ఆవిడకి ఆనడం లేదు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా నిష్పత్తి, కనీసం 4.5కి 1 ఉందో లేదో కొలిచి చూడు.

ఇవి సరిచేయడం తేలికే. అసలు కష్టం టైమ్ దగ్గర ఉంది. నీ యాప్ "8:00 ఏఎమ్" అని అడుగుతోంది. అమ్మమ్మకి మాత్రలంటే గడియారం కాదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున, షుగర్ మాత్ర టిఫిన్ తింటూ, బీపీది రాత్రి అన్నం అయ్యాక. లేచిన టైమ్ మారితే అన్ని మాత్రల వేళలూ మారిపోతాయి. పైగా ఇప్పుడు కార్తీకం. సోమవారం పగలంతా ఉపవాసం, నక్షత్రాలు చూశాకే భోజనం. ఆ రోజు నీ ఫోను "టిఫిన్ అయిందా, షుగర్ మాత్ర వేసుకో" అని మోగుతుంది. ఆవిడ ఖాళీ కడుపుతో వేసుకుంటే?

"ఇవాళ ఉపవాసం" అని ఒక బటన్ పెట్టమంటాను. అది నొక్కితే యాప్ మోతాదు గురించి ఒక్క సలహా కూడా ఇవ్వకూడదు. ఉపవాసం రోజు ఏం చేయాలో డాక్టర్ ముందే చెప్పి ఉంటే ఆ మాటలే చూపించాలి, లేకపోతే డాక్టర్ నంబరు చూపించి నాకు మెసేజ్ పంపాలి. మందుల విషయంలో యాప్ తనకి తెలియనిది ఊహించి చెప్పకూడదు. ఇందులో మాత్రం నేను పట్టు విడవను.

జడ్జీలు ఆలోచనని చూస్తారు, వాడేవాళ్ళకి ఎంత వీలుగా ఉందో చూస్తారు, కోడింగ్ చూస్తారు. వీడియోకి మూడు నిమిషాలే గడువు. అందులో సంగీతం, యానిమేషన్ వద్దు. అమ్మమ్మ వాడుతున్నది చూపించు, ఆవిడ తెలుగులోనే మాట్లాడనీ, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వెయ్యి. తర్వాత నువ్వు కోడ్ తెరిచి, ఏ భాగం ఎందుకు మార్చావో చెప్పు. ఒత్తు తెగిన పాత బటన్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, ఎంత శ్రద్ధ పెట్టావో వాళ్ళకే అర్థమవుతుంది. కోడ్‌లో ఏదైనా ముక్క బయటినుంచి తెచ్చుకుంటే ఎక్కడిదో దాచకుండా రాయి.

బహుమతి రాకపోయినా ఈ యాప్ ఆగిపోకూడదని నా కోరిక, ఎందుకంటే అమ్మమ్మకి అది నిజంగా అవసరం. సంక్రాంతికి ఆవిడ ఏలూరు వెళ్ళిపోతుంది. నువ్వు రిమైండర్‌ని టెక్సాస్ టైమ్‌కే కట్టేసి ఉంటే, ఇక్కడ పొద్దున 7కి మోగాల్సింది అక్కడ సాయంత్రం 6:30కి మోగుతుంది. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది, అప్పుడూ ఒకసారి చూసుకోవాలి. శనివారం మధ్యాహ్నం నేను ఖాళీగానే ఉంటాను. ఫోను టైమ్ జోన్ ఇండియాకి మార్చి నువ్వు టెస్ట్ చెయ్యి, నేను పక్కన కూర్చుని రాసుకుంటాను. నీతోపాటు జట్టులో ఉన్న అమ్మాయిని కూడా భోజనానికి రమ్మను. గుత్తి వంకాయ చేస్తాను, కారం తక్కువ వేస్తానని చెప్పు.

ప్రేమతో,
అమ్మ