నార్మ్ టోర్నీకి ఇరవై మంది విదేశీయులు చాలరు

సంపాదకులకు నమస్కారం.

మన పిల్లలకు చెస్ టైటిల్ వచ్చినప్పుడు మీ పత్రికతో సహా అన్ని పత్రికలూ ఫొటో వేస్తాయి. సంతోషమే. అయితే ఆ టైటిల్‌కు ముందు మూడు నార్మ్‌లు (ఒక టోర్నీలో ఆ టైటిల్ స్థాయిలో ఆడినట్టు గుర్తింపు) రావాలని, అవి ఎలా వస్తాయో, ఎలా చేజారతాయో ఎవరూ రాయరు. పదహారేళ్ల మా అమ్మాయి ఉమెన్ ఇంటర్నేషనల్ మాస్టర్ టైటిల్ కోసం ఆడుతోంది. ఈ మధ్య ఒక ఓపెన్ టోర్నీలో తనకు రావాల్సిన నార్మ్ రాలేదు. ఆటలో ఓడిపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ముందు లెక్క చెబుతాను. ప్రత్యర్థుల రేటింగుల సగటు తీస్తారు. వచ్చిన పాయింట్ల శాతాన్ని బట్టి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే పట్టికలో ఒక అంకె ఉంటుంది, దాన్ని ఆ సగటుకు కలిపితే పెర్ఫార్మెన్స్ రేటింగ్. సగం పాయింట్లు వస్తే కలిపేది సున్నా. తొమ్మిది గేములకు ఆరు పాయింట్లు వస్తే 125, ఏడు వస్తే 220. గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌కు 2600 కావాలి, మా అమ్మాయి ఆడుతున్న టైటిల్‌కు 2250. మొదటి రౌండ్లో తనకు 1700 రేటింగ్ ఉన్న చిన్న కుర్రాడు పడ్డాడు. అలాంటివాళ్ల వల్ల సగటు మరీ పడిపోకుండా, అందరికంటే తక్కువ రేటింగ్ ఉన్న ఒక్కరిని 1850గా లెక్కేసుకోవచ్చు. ఇద్దరు తగిలితే రెండోవారికి ఆ వీలు లేదు. అలా చూస్తే మా అమ్మాయి ప్రత్యర్థుల సగటు 2131. ఆరు పాయింట్లకు 125 కలిపితే 2256. ప్రత్యర్థుల్లో సగం మందికి టైటిల్ ఉండాలి, కనీసం ముగ్గురు ఉమెన్ ఇంటర్నేషనల్ మాస్టర్లు గానీ అంతకు పైవాళ్లు గానీ అయి ఉండాలి. అవీ సరిపోయాయి.

చివరి రౌండ్లో డ్రా చాలు. ఏనుగులు, బంట్లే మిగిలిన రూక్ ఎండింగ్‌లో ఒక బంటు తక్కువతో రెండు గంటలు కాచుకుని డ్రా చేసింది. బయట కూర్చున్న నాకే చేతులు చల్లబడ్డాయి, లోపల ఆడేదానికి ఎంత టెన్షనో!

నార్మ్ ధ్రువపత్రాన్ని ఐటీ-1 అంటారు. దాని మీద సంతకం కోసం వెళ్తే టోర్నీ ప్రధాన న్యాయనిర్ణేత అయిన చీఫ్ ఆర్బిటర్ ఏడో రౌండ్ జాబితా తీసి చూపించారు. మామూలుగా తొమ్మిది గేముల్లో మన దేశం వాళ్లు ఐదుగురికి మించకూడదు, మిగతావాళ్లు కనీసం రెండు వేరే దేశాల వాళ్లు కావాలి. ఎవరితో ఆడాలో పెయిరింగ్ చేసే కంప్యూటర్ చెబుతుంది, పిల్లల చేతుల్లో ఏమీ లేదు. మా అమ్మాయికి ఇద్దరే విదేశీయులు పడ్డారు. ఇలాంటివాళ్ల కోసమే ఒక మినహాయింపు ఉంది. టోర్నీలో మూడు వేరే దేశాల నుంచి రేటింగ్ ఉన్న విదేశీయులు ఇరవై మంది ఆడుతుంటే, వాళ్లలో పదిమంది ఇంటర్నేషనల్ మాస్టర్ లాంటి పెద్ద టైటిళ్లు ఉన్నవాళ్లైతే, ఈ దేశాల నిబంధన చూడరు. మూడు నార్మ్‌లలో ఒకటి మాత్రం మామూలు నిబంధన ప్రకారమే రావాలి. నిర్వాహకులు సరిగ్గా ఇరవై మందినే పిలిచారు. మినహాయింపు దక్కాలంటే ప్రతి రౌండ్లోనూ ఆ ఇరవై మందీ ఉండాలి. ఒకాయనకు జ్వరం వచ్చి ఏడో రౌండ్ నుంచి తప్పుకున్నారు. ఇరవై కాస్తా పంతొమ్మిదైంది, మా అమ్మాయి నార్మ్ పోయింది. మిగిలిన రౌండ్లు ఆడుతున్న పిల్లలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆర్బిటర్‌ను నేను తప్పుపట్టను, ఆయన చేతిలో ఉన్నది నిబంధనల పుస్తకమే. కరపత్రంలో ‘నార్మ్ టోర్నీ’ అని పెద్ద అక్షరాలతో వేసి, ఒక్కరు కూడా అదనంగా లేకుండా లెక్క సరిచూసుకున్నవాళ్లదే తప్పు. మనిషికి జ్వరం రాకుండా ఎవరు ఆపగలరు?

డబ్బున్నవాళ్లు పిల్లలను నార్మ్‌ల కోసం సెర్బియాకో హంగరీకో తీసుకెళ్తున్నారు. మాలాంటివాళ్లకు అది అయ్యే పని కాదు. ఇక్కడ ఆటకు లోటు లేదు కదా! గుంటూరు నుంచి హరికృష్ణ 2001లో, గుడివాడ నుంచి కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్లయ్యారు, ఆ తర్వాత వరంగల్ నుంచి అర్జున్ వచ్చాడు. 2025లో దివ్యా దేశ్‌ముఖ్ ఫైనల్‌లో మన హంపినే ఓడించి మహిళల ప్రపంచకప్ గెలిచి, ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ లేకుండానే ఆ టైటిల్ నేరుగా అందుకుంది. అలాంటి అవకాశం అందరికీ రాదు. మిగతా పిల్లలకు ఈ ఓపెన్ టోర్నీలే దారి.

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో నార్మ్ టోర్నీ పెట్టేవాళ్లు విదేశీయులను కనీసం పాతిక మందిని పిలవాలి. ఆ అదనపు ఐదుగురి విమాన టికెట్లు, బస ఖర్చు రెండు ప్రభుత్వాల క్రీడా శాఖలు భరించాలి. టైటిల్ వచ్చాక చేసే సన్మానం కంటే పిల్లలకు ఇది ఎక్కువ ఉపయోగం. ఎంట్రీ ఫీజు కట్టకముందే ఎవరెవరు వస్తున్నారో పేర్లు, దేశాలు, టైటిళ్లతో ప్రకటించాలి. ప్రతి రౌండ్‌కు ముందు ఎంతమంది విదేశీయులు ఆడుతున్నారో పెయిరింగ్ షీట్ పక్కనే అంటించాలి.

ఇట్లు,
ఒక చెస్ క్రీడాకారిణి తల్లి,
విజయవాడ