తోరణం గీయనన్నావట

హనుమకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

ఫోన్లో మన ఇద్దరికీ కుదరదు. నువ్వు గొంతు పెంచుతావు, నేను లెక్కల్లోకి దిగుతాను, మధ్యలో మీ అమ్మ ఫోన్ లాక్కుంటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

గేటెడ్ కమ్యూనిటీ ముఖద్వారానికి కాకతీయ తోరణం గీసిమ్మని మీ ఆఫీసులో అడిగారు. "నకిలీ చరిత్రకు నా చెయ్యి రాదు" అన్నావు. ఉద్యోగమే మానేస్తానన్నావు. మానడం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ "నకిలీ" అన్న మాట సంగతి చూద్దాం.

ఉస్మానియా ఆసుపత్రిని కూల్చొద్దని కాలేజీ రోజుల్లో ప్లకార్డు పట్టుకుని ఎండలో నిలబడ్డావు గదా. ఆ ఆసుపత్రిని గీసింది విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషాయన. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పని చూసుకునేవాడు, 1914లో నిజాం కొలువుకు వచ్చాడు. 1908లో మూసీ వరద హైదరాబాదును ఊడ్చేశాక నగరాన్ని మళ్లీ నిలబెట్టుకుంటున్న రోజులవి. నదికి ఒక ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఆసుపత్రి కట్టారు. రెండింటి మీదా కుతుబ్‌షాహీల తీరు గుమ్మటాలే, చిన్న గొడుగు మంటపాల్లాంటి ఛత్రీలే. అప్పటికి కుతుబ్‌షాహీలు పోయి రెండు వందల ఏళ్లు దాటింది. మరి ఆయన చేసిందేమిటి? పాత బట్ట తెచ్చి కొత్త మనిషికి కుట్టాడు.

కాచిగూడ స్టేషన్ సంగతి ఇంకా తమాషా. అదీ ఎష్ పనే, 1916 నాటిది. చూస్తే రాయీ డంగు సున్నమూ అనుకుంటాం. నిజానికి ముందే పోతపోసి తెచ్చి బిగించిన కాంక్రీటు. కొత్త సెక్రటేరియట్ గుమ్మటాలను సిమెంటు టోపీలని వెక్కిరించావే, ఆ టోపీ వందేళ్ల కిందటే హైదరాబాదులో కుట్టారు.

నాకు మాత్రం వీటన్నిటికంటే ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ ఇష్టం. గీసినాయన జాస్పర్, బెల్జియం మనిషి. అంతకుముందే జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని సర్కారు పంపింది. 1939లో తెరిచిన ఆ గులాబీ రాతి కట్టడంలో బీదర్ కనబడుతుంది, ఎల్లోరా కనబడుతుంది. కోసు కమాను కింద గుడి స్తంభం నిలబడి ఉన్నా కంటికి ఎబ్బెట్టుగా ఉండదు. అప్పు తెచ్చారు, కానీ తిరిగి, చూసి, కొలిచి తెచ్చారు.

చూడకుండా తెస్తే ఏమవుతుందో మన పోర్టికో చెబుతుంది. 1994లో ఊరంతా రోమన్ స్తంభాల పిచ్చి పట్టినప్పుడు నేనూ రెండు పెట్టించాను. లోపల తొమ్మిదంగుళాల పిల్లరు, చుట్టూ ఇటుక, తలమీద సిమెంటు ఆకులు. మేస్త్రీ ఆ ఆకును జన్మలో చూడలేదు. నేనూ చూడలేదు. చివరికి ఆయన చెక్కింది క్యాబేజీ. రెండో వానాకాలానికి అదీ రాలింది. ఇంజనీరు ఇంటి ముందు ఇదేమిటని మీ మామయ్య ఇప్పటికీ నవ్వుతాడు.

యాదాద్రి కొత్త గుడి గురించి మనం పోట్లాడుకోవడం మానలేదు గానీ ఒక్క మాట. అక్కడి స్తంభాలన్నీ నాకూ నచ్చలేదు. కానీ ఆ నల్లరాతి పనితో ఎంతోమంది శిల్పులు ఏళ్ల తరబడి ఉలి కింద పెట్టలేదు. ఆ చేతులు చేసినదాన్ని నేను నకిలీ అనలేను.

ఇక నీ తోరణం. ఖిలా వరంగల్‌లో అవి నాలుగు, నాలుగు దిక్కులా. మధ్యన ఉండాల్సిన స్వయంభూ శివాలయం కూలిపోయింది, దాని వాకిళ్లు మిగిలాయి. అందులో కమాను లేదు. నిలువు స్తంభాలు, వాటి నుంచి ఏటవాలుగా లేచిన బ్రాకెట్లు, ఆపైన అడ్డంగా రాతి దూలం, అంతే. రాయి బరువు మోస్తుంది గానీ వంపు ఓర్చుకోదు. దూలం పొడుగైతే మధ్యలో పగులుతుంది. అందుకే ఆ శిల్పి ఎడం తగ్గించి ఎత్తుకు పోయాడు. మనకు అందంగా కనిపించే ఆ కొలత రాయి పెట్టిన షరతు.

మీవాళ్లు ఏం చేస్తారు? రెండు వరుసల కార్లు, ఒక ఫైరింజను పోవాలి కాబట్టి దాన్ని నలభై అడుగులు సాగదీస్తారు. లోపల ఆర్‌సీసీ బీము, పైన పెయింటు. దూలం మీది హంసలు చెరో మూలకు పోయి ఒకదానికొకటి కనబడవు. నీకు చిరాకు వచ్చింది అందుకేనని నా అనుమానం. నకిలీ అని కాదు, సాగదీశారని.

సాగదీయకు. బండ్లకు పైన ఏమీ లేకుండా దారి వదిలెయ్. పక్కన నడిచిపోయేవాళ్ల కోసం, పిల్లలూ ముసలివాళ్లూ దాటే చోట, రాయి ఒప్పుకున్నంత ఎడంలో నిజం రాతితోనే ఒక చిన్న తోరణం నిలబెట్టు. హంసలూ తామరమొగ్గలూ అక్కర్లేదు. స్తంభం, బ్రాకెట్, దూలం చాలు. ఖర్చు ఎక్కువంటారు. నలభై అడుగుల బీముకూ దాని పునాదికీ ఎంతవుతుందో నేను అంచనా వేసి ఇస్తాను, పక్కపక్కన పెట్టి చూపించు. అప్పటికీ వద్దంటే రాజీనామా నీ ఇష్టం. మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

వచ్చే ఆదివారం పొద్దున రా, ఎండ ఎక్కకముందే కోటకు పోదాం. బీరువాలో నా పాత స్టీలు టేపు ఇంకా ఉంది. మొదటి అడుగు దగ్గర అంకెలు చెరిగిపోయాయి, పన్నెండు అంగుళాలు వదిలేసి కొలిచి తర్వాత తీసెయ్యాలి.

మీ బాపు