పక్షుల ఫొటోల ప్రచురణకు ఒక నియమం అవసరం

సంపాదకులకు నమస్కారాలు.

చలికాలం వచ్చిందంటే పులికాట్ ఫ్లెమింగోలు, నేలపట్టు గూడబాతులు (పెలికాన్లు) పత్రికల జిల్లా పేజీల్లో కనిపించడం ఆనవాయితీ. ఆ ఫొటోలు వేయవద్దని కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. ప్రకృతి ఫొటో ఎంత పని చేయగలదో చరిత్రలోనే ఉంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త హేడెన్ నడిపిన సర్వే బృందంతో వెళ్లి విలియం హెన్రీ జాక్సన్ తీసిన ఎల్లోస్టోన్ ఫొటోలు అమెరికా చట్టసభ సభ్యుల చేతికి అందాయి. నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గల సంగతి కట్టుకథ కాదని వాటితో రుజువైంది. మరుసటి ఏడాది మార్చిలోనే ఆ ప్రాంతం జాతీయ పార్కు అయింది. అంతటి బలం ఉన్న సాధనం కనుకనే, ఫొటోను ఎలా తీశారన్నది కూడా పత్రిక అడగాలని నా మనవి.

గుంపంతా ఒక్కసారిగా నీటి మీంచి లేచే చిత్రాన్నే తీసుకోండి. ఫ్లెమింగో నిలబడి ఉన్నప్పుడు దాదాపు తెల్లగానే కనిపిస్తుంది. రెక్క విప్పితేనే లోపలి గులాబీ, నలుపు రంగులు బయటపడతాయి. ఫొటోగ్రాఫర్లకు ఆ క్షణం మీద అంత మోజు అందుకే. ఆ పక్షి మాత్రం ముక్కును తలకిందులుగా బురదనీటిలో ఉంచి, చిన్న చిన్న జలజీవులను వడగట్టుకుంటూ గంటల తరబడి మేస్తేనే కడుపు నిండుతుంది. పడవను మీదికి నడిపో, డ్రోన్‌ను కిందికి దించో లేపిన ప్రతిసారీ దాని మేత పోతుంది, ఒంట్లో శక్తీ పోతుంది. తనంతట తాను ఎగిరిన పక్షికీ, బెదరగొడితే ఎగిరిన పక్షికీ అచ్చులో తేడా కనిపించదు.

గూళ్ల చిత్రాలతో జరిగే హాని ఇంతకన్నా ఎక్కువ. గూడబాతు పిల్లలు ఒంటి మీద ఈక లేకుండా పుడతాయి. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే వాటికి ఎండ నుంచి నీడ ఉండదు, కాకుల నుంచి కాపు ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను అలజడి పరచడాన్ని ‘వేట’ నిర్వచనంలోనే చేర్చింది. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి అనుమతి విధానమూ అదే చట్టంలో ఉంది. కానీ ఊరి చెరువు గట్టున తుమ్మచెట్టు మీద గూడు కట్టిన కొంగ దగ్గర అనుమతి అడిగేవారెవరు?

నిఘా అంతా అటవీ శాఖదే అనుకుంటే సరిపోదు. ప్రచురించేవారికీ బాధ్యత ఉంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో 2009లో మొదటి బహుమతి పొందిన తోడేలు చిత్రాన్ని, అది మచ్చిక చేసిన జంతువై ఉండవచ్చన్న అభిప్రాయానికి వచ్చిన న్యాయనిర్ణేతలు తర్వాత అనర్హంగా ప్రకటించారు. ఫొటోగ్రాఫర్ ఆ ఆరోపణను ఖండించినా వారు వెనక్కి తగ్గలేదు.

మన పత్రికలకు అంత విచారణ అవసరం లేదు. పాఠకులు పంపే ప్రతి చిత్రంతోపాటు దాన్ని ఎంత దూరం నుంచి, ఎక్కడ నిలబడి తీశారో రాయించుకోండి. గుడ్లు, పిల్లలు ఉన్న గూళ్లను దగ్గరి నుంచి తీసిన చిత్రాలను, పక్షుల గుంపు మీద డ్రోన్‌తో తీసినవాటిని తిరస్కరించండి. అరుదైన పక్షి అయితే గూడున్న చోటు పేరు అచ్చు వేయకండి. వాచ్‌టవర్ మీంచి తీసిన చిత్రంలో పక్షి చిన్నదిగానే కనిపించవచ్చు. కానీ దానితోపాటు చెట్టు, చెరువు, చుట్టూ ఉన్న పొలాలు కనిపిస్తాయి. పక్షి కన్ను మాత్రమే నిండిన చిత్రం కన్నా నాకు అదే ఎక్కువ చెబుతుంది. ఈ నియమాలను ఫొటోలు ఆహ్వానించే ప్రకటనలోనే చేర్చి, వచ్చే సీజన్ నుంచే అమలు చేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సూళ్లూరుపేట