కుమ్మరి ఇంటినీ కాపాడుకుందాం

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అమ్మాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది. మొన్న నవంబరులో నేను తన దగ్గరికి వెళ్లినప్పుడు ఒకరోజు రైల్లో క్యోటో తీసుకెళ్లింది. గుళ్లూ తోటలూ చూడడం అయ్యాక, "అమ్మా, నీకోసమే ఇది చూసిపెట్టాను" అంటూ గోజోజాకా దగ్గర ఒక సందులోకి నడిపించింది. ఆ సందులో కవాయి కంజిరో అనే కుండల కళాకారుడి ఇల్లు ఉంది. నేను హైస్కూల్లో 30 ఏళ్లు డ్రాయింగ్ చెప్పాను, మ్యూజియాలు నాకు కొత్త కాదు. అయినా ఆ ఇంట్లో గడిపిన రెండు గంటలు నా మనసులోంచి పోవడం లేదు. మన దగ్గరా అలాంటి పని ఒకటి జరగాలన్న కోరికతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

కవాయి 1890లో పుట్టి 1966లో పోయారు. టోక్యోలో చదువుకుని, క్యోటోలోని పరిశోధన సంస్థలో మట్టిపాత్రల మీద వేసే పూతల గురించి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. 1920లో ఇక్కడి, కుండలు కాల్చే కొలిమిని తీసుకున్నారు. చిన్న వయసులోనే పేరు వచ్చింది. తర్వాత యనగి సోఎత్సు, హమదా షోజి అనే మిత్రులతో కలిసి, పేరూ ఊరూ తెలియని పల్లెటూరి పనివాళ్లు చేసే రోజువారీ వస్తువుల్లోనే అసలైన అందం ఉందని నమ్మారు. నమ్మి ఊరుకోలేదు. తన పాత్రల మీద సంతకం పెట్టడం మానేశారు. 1937లో పారిస్ ప్రదర్శనలో పెద్ద బహుమతి వచ్చింది. జపాన్ ప్రభుత్వం సజీవ జాతీయ సంపదగా గౌరవిస్తామంటే వద్దన్నారు. పెద్ద వయసులో చెక్క పట్టుకుని చేతులు, ముఖాలు, ముసుగులు, పిల్లులు చెక్కారు. ఆ చెక్క చేతుల ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. జీవితమంతా మట్టి పిసికిన మనిషి చివరికి చేతులనే చెక్కాడంటే ఆయన దేనికి దండం పెట్టుకున్నాడో అర్థమవుతుంది.

ఇక ఇల్లు. తుఫానులో పాత ఇల్లు దెబ్బతింటే, 1937లో ఆయనే ప్లాను గీసుకుని కట్టించుకున్నారు. వడ్రంగి పని చూసింది సొంత అన్నగారు. కొండ పల్లెల్లోని రైతు ఇళ్లలా లావు దూలాలు, నడిమధ్యలో నేలలో నిప్పుగుంట, దాని చుట్టూ కూర్చునే చోటు. మొద్దులతో చేసిన కుర్చీలున్నాయి, కూర్చోనిస్తారు. గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికి వెళ్తే ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్లినట్టే ఉంటుంది. ఆ రోజు ఒక పిల్లి కూడా ఇల్లు తనదే అన్నట్టు గదుల్లో తిరుగుతోంది. ఆయన పోయాక ఇంటివాళ్లు దీన్ని అమ్ముకోలేదు, మార్చలేదు. 1973 నుంచి అందరికీ తెరిచి ఉంచారు.

ఇంటి వెనక పని గది ఉంది. కాళ్లు గుంటలో పెట్టి కాలితో తన్ని తిప్పే సారె అక్కడే ఉంది. మన కుమ్మరులు సారె గుంటలో కర్ర పెట్టి గిరగిరా తిప్పి వదిలేస్తారు కదా, వాళ్ల పద్ధతి వేరు. అది దాటితే కొలిమి. మెట్లు మెట్లుగా ఎక్కే వాలు మీద ఒకదాని పైన ఒకటిగా ఎనిమిది గదులు. కింది గదిలో మంట పెడితే ఆ వేడి పై గదులకు పాకుతుంది. ఒక్క కవాయిదే కాదు, చుట్టుపక్కల కుండలు చేసేవాళ్ల సరుకు కూడా అందులోనే కాలేది. నేను వంగి ఒక గది నోట్లోంచి లోపలికి చూశాను. కట్టెల బూడిద ఏళ్ల తరబడి మంటతో పాటు ఎగిరి గోడలకు అంటి, కరిగి, గాజులా బిగిసిపోయింది. ముదురు ఆకుపచ్చ, అక్కడక్కడ గోధుమ రంగు. మంట ఎటు నుంచి ఎటు వెళ్లిందో ఆ చారల్లోనే తెలుస్తోంది. ఊరు పెరిగి పొగ మీద ఆంక్షలు వచ్చాక అది ఆరిపోయింది. కానీ ఎవరూ కూలగొట్టలేదు.

నాకు అక్కడే మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది.

గోదావరి పక్కన చిన్న ఊరు. కుమ్మరి వీధి చివర ఒక తాతయ్య ఉండేవారు. మా పిన్ని పెళ్లికి ఐరేణి కుండలు తేవడానికి ఊరి ఆడవాళ్లందరం మేళంతో ఆయనింటికి వెళ్లాం. సున్నంతో చుక్కలూ గీతలూ వేసిన కుండలను పసుపు కుంకుమతో ముందు ఆయన అరుగు మీదే పూజించాం. ఎంత కలిగినవాళ్ల పెళ్లి అయినా ఆ గుమ్మం తొక్కితేనే మొదలయ్యేది. కుండను నీడలో ఎన్నాళ్లు ఆరబెట్టాలో, ఏ చెరువు మట్టికి ఎంత ఇసుక కలపాలో ఆయన చేతికే తెలుసు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటాం కదా, ఏడాది కష్టమైనా కర్రతో ఒక్క దెబ్బకు పోతుందని. పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోయారు, తాతయ్య పోయారు. ఇల్లు అమ్మేశారు. కుండలు కాల్చే ఆవం ఉన్న చోటు చదును చేశారు. ఆయన చేతికి తెలిసిన మట్టి లెక్క ఎవరూ రాసిపెట్టలేదు, అందులో నేనూ ఉన్నాను. సెలవులకు వెళ్లిన ప్రతిసారీ ఆ అరుగు మీద కూర్చుని బొమ్మలు గీసుకున్నదాన్ని, ఒక్క పేజీ రాసుకుని ఉండాల్సింది.

మనకు ఇళ్లను కాపాడడం తెలియక కాదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఉంది, విజయనగరంలో గురజాడ వారి ఇల్లు ఉంది. దామెర్ల రామారావు గారి చిత్రాలకు ఆయన పుట్టిన ఊళ్లోనే గ్యాలరీ ఉంది. హైదరాబాద్ శిల్పారామంలో చేతివృత్తులవాళ్ల నిలువెత్తు బొమ్మలు పెట్టారు, మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్లి నేనే చూపించాను. అవన్నీ ఉండాల్సినవే. కానీ నిజంగా ఒక కుమ్మరి బతికి, పనిచేసిన ఇల్లు, ఆయన సారెతో, ఆయన ఆవంతో సహా ఉంచిన చోటు ఏదైనా ఉందా అని పిల్లలు అడిగితే నాకు చూపించడానికి ఒక్కటీ గుర్తు రాలేదు. కవయిత్రిగా మొల్లను తలుచుకుని పొంగిపోతాం. ఆమె పుట్టింది కుమ్మరింట్లోనే కదా.

ఇది జపాన్‌వాళ్లకే చెల్లింది అనుకోనక్కర్లేదు. సర్దార్ గురుచరణ్ సింగ్ అనే మన దేశస్థుడు 1919లో కుండల పని నేర్చుకోవడానికి జపాన్ వెళ్లి, కవాయి, హమదా, యనగి లాంటివాళ్లతో పరిచయం పెంచుకుని తిరిగొచ్చారు. ఢిల్లీలో బ్లూ పాటరీ అనే కుండల తయారీ కేంద్రం నడిపి, పెద్ద వయసులో హిమాచల్‌లోని ఆంద్రెట్టా అనే పల్లెలో స్థిరపడ్డారు. ఇవాళ్టికీ అక్కడ కుండలు చేయడం నేర్పుతున్నారు.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఏసీ హాళ్లు, గాజు బీరువాలు వద్దు. రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలు, సాంస్కృతిక శాఖలు జిల్లాకు ఒక్క కుమ్మరి ఇంటిని ఎంచుకుంటే చాలు. ఇంకా పని చేస్తున్న కుటుంబం ఉన్న ఇల్లయితే మరీ మంచిది. ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించకూడదు, ఇల్లు వాళ్ల పేరునే ఉండాలి. చూడటానికి వచ్చేవాళ్లకు పని చూపించినందుకు నెలనెలా వాళ్లకు జీతం ఇవ్వాలి. చెరువు మట్టి తెచ్చుకునే హక్కు వాళ్లకు అడ్డు లేకుండా ఉండాలి, ఎందుకంటే మట్టి దొరక్కపోతే మిగతా ఏదీ నిలబడదు. మట్టి ఎక్కడిది, ఏం కలుపుతారు, ఆవం ఎలా పేరుస్తారు, ఎంతసేపు కాలుస్తారు అన్నది పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల మాటల్లోనే రికార్డు చేయాలి. స్కూళ్లు ఏడాదికి ఒక్కసారి పిల్లల్ని తీసుకెళ్లి మట్టి ముట్టుకోనివ్వాలి. ఆ ఖర్చును విహారయాత్ర లెక్కలో వేసినా సరిపోతుంది.

కిందటి వారం అమ్మమ్మ ఊరు వెళ్లొచ్చాను. తాతయ్య సారె ఇంకా ఉంది. కొన్నవాళ్లు బయట పడేస్తే చింతచెట్టు మొదట్లో ఆనించి పెట్టారట. ఒక పక్క చెదలు పట్టింది, కర్ర పెట్టి తిప్పే గుంట మాత్రం అరిగి నున్నగా అలాగే ఉంది. ఫొటోలు తీసి, కొలతలు రాసుకున్నాను. సంబంధించిన శాఖవాళ్లు ఎవరైనా వస్తామంటే వెంట వచ్చి చూపిస్తాను. వానలు మొదలయ్యేలోపు వస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ టీచర్,
రాజమహేంద్రవరం