ట్రైనింగ్ డైరెక్టర్ గారికి ఓ బహిరంగ లేఖ

సార్ నమస్తే, మా ఆఫీసులో పదిహేనేళ్లు ఫైళ్లు బాగా చూసినాయనకి ప్రమోషన్ ఇచ్చి ఒక్కరోజులో ఇరవైమందికి బాస్‌ని చేసేశారు, మనుషులతో పని చేయించుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు, పాపం ఆయనింకా ప్రతి నోట్‌లో కామాలు దిద్దుతూ కూర్చుంటాడు, టేబుల్ మీద సంతకం కావాల్సిన ఫైళ్లు గుట్టలు. తప్పు ఆయనది కాదులెండి. రెండ్రోజుల క్లాసు, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్‌తో లీడర్లు తయారవరు సార్. ప్రమోషన్‌కి ఆర్నెల్ల ముందే చిన్న టీమ్ అప్పజెప్పండి, పక్కన ఓ మంచి సీనియర్‌ని పెట్టండి, పొరపాటైతే వెంటనే మెమో ఇవ్వకండి (ఆ భయంతోనే కదా ప్రతిదీ పైకి తోసేస్తున్నారు). పనితీరు రిపోర్ట్ ఎప్పుడూ పైవాళ్లే రాస్తారు, కిందవాళ్లని కూడా పేరు లేకుండా అడగండి. మొన్న మీటింగ్‌లో కొత్తగా చేరినమ్మాయి ఏదో చెప్పబోతే "ముందు కూర్చోమ్మా" అన్నారు, ఆ తర్వాత ఆమె మళ్లీ నోరు విప్పలేదు.