చైనా వృద్ధి అంకె ఒక్కటే ఇస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

చైనా మూడు నెలలకోసారి వృద్ధి రేటు ప్రకటించగానే మీ వ్యాపార పేజీలో ఒకే తీరు శీర్షికలు కనిపిస్తాయి. అంకె అంచనాలను మించితే మార్కెట్లకు ఊపు, తగ్గితే మదుపరుల్లో గుబులు. వార్త అక్కడితో సరి. ఆ వృద్ధి ఏ రంగం నుంచి వచ్చిందన్నదే విదేశీ మదుపరికి అసలు సంగతి. దాని జోలికి మాత్రం వెళ్లరు.

2015నే తీసుకోండి. ఆ ఏడాది 6.9 శాతం వృద్ధి సాధించామని చైనా ప్రకటించింది. పాతికేళ్లలో అదే కనిష్ఠమైనా, పెద్ద దేశాల్లో చాలావాటికి అది కళ్లకద్దుకునే అంకె. కానీ ఇళ్ల నిర్మాణం మందగించి ఉక్కుకు గిరాకీ తగ్గింది. ఓడల మీద దేశాలు దాటే ఇనుప ఖనిజంలో సగానికి పైగా కొనేది చైనాయే. 2011లో టన్ను 190 డాలర్ల దాకా పలికిన ఖనిజం 2015 డిసెంబరులో 40 డాలర్ల దిగువకు జారింది. గనుల సంస్థలు పోటీలు పడి ఉత్పత్తి పెంచుకోవడమూ ఇందుకు తోడైందనుకోండి. ఆస్ట్రేలియాలోని పోర్ట్ హెడ్‌లాండ్ రేవు నుంచి ఖనిజం పంపే గనుల సంస్థ బీహెచ్‌పీ, 2016 ఫిబ్రవరిలో మధ్యంతర డివిడెండును (ఏడాది మధ్యలో షేరుదారులకు పంచే లాభాన్ని) షేరుకు 62 సెంట్ల నుంచి 16 సెంట్లకు కోసేసింది. ఆ డివిడెండు మీద ఆధారపడిన విశ్రాంత ఉద్యోగి జన్మలో ఒక్క చైనా షేరు కొని ఉండకపోవచ్చు. అయినా దెబ్బ తగిలింది. అదీ చైనా దాదాపు ఏడు శాతం చొప్పున పెరుగుతుండగానే!

ఇప్పటి లెక్క వేరు. 2024లో చైనా 5 శాతం పెరిగింది. స్థిరాస్తి రంగం కుంగిపోతూనే ఉంది. భారమంతా ఫ్యాక్టరీలూ ఎగుమతులే మోశాయి. ఆ ఏడాది వాణిజ్య మిగులు, అంటే దిగుమతుల కన్నా ఎగుమతులు ఎక్కువైన మొత్తం, లక్ష కోట్ల డాలర్లకు కాస్త తక్కువ. కార్ల ఎగుమతిలో 2023లోనే జపాన్‌ను దాటేసింది. ఇళ్లు కట్టి సాధించిన వృద్ధి ఆస్ట్రేలియా, బ్రెజిల్ గనులకు డబ్బు పంపేది. కార్లు అమ్మి సాధించే వృద్ధి జర్మనీ కార్ల సంస్థల లాభాలకు గండి కొడుతోంది. చైనా విద్యుత్ కార్ల మీద ఐరోపా సమాఖ్య 2024 అక్టోబరులో 35.3 శాతం దాకా అదనపు సుంకం వేసింది ఊరికే కాదు. శీర్షికలో ఐదు శాతం ఐదు శాతమే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో షేర్లున్నవారికి, సిడ్నీలో షేర్లున్నవారికి దాని అర్థం ఒకటి కాదు.

పోనీ నేరుగా చైనా షేర్లే కొన్నవారు బాగుపడ్డారా? షాంఘై షేర్ల సూచీ 2007 అక్టోబరులో ఆరు వేలు దాటింది. 2024 చివర 3,350 దగ్గర ఉంది. ఈలోగా చైనా ఆర్థిక వ్యవస్థ డాలర్ల లెక్కన ఐదు రెట్లయింది. కొత్త కంపెనీలు, కొత్త షేర్లు వరదలా వచ్చిపడితే పాత షేరుదారు వాటా పలచబడుతుంది. ధరల పోటీలో వినియోగదారు లాభపడతాడు, కంపెనీకి మిగిలేది అంతంతమాత్రం. వృద్ధి చూసి షేరు కొనమని చెప్పే నిపుణులు ఈ ముక్క చెప్పగా నేను చదవలేదు. వర్ధమాన దేశాల షేర్లతో ఎంఎస్‌సీఐ అనే సంస్థ రూపొందించే వర్ధమాన మార్కెట్ల సూచీలో 2020 నాటికి చైనా వాటా 40 శాతం దాటింది. ఆ సూచీని అనుసరించే ఫండు కొన్నవాళ్లలో ఎంతమందికి తమ డబ్బు ఎటు వెళ్లిందో తెలుసు?

వృద్ధి రేటు వెలువడే రోజే స్థిరాస్తి పెట్టుబడి, ఇళ్ల అమ్మకాలు, పారిశ్రామికోత్పత్తి వివరాలనూ చైనా గణాంక సంస్థ విడుదల చేస్తుంది. ఎగుమతుల లెక్కలు కొన్ని రోజుల ముందే వస్తాయి. వచ్చే త్రైమాసికం నుంచి వీటిని వృద్ధి అంకె పక్కనే అచ్చువేయండి. బ్రోకరేజీల వ్యాఖ్యలకు మీరిచ్చే చోటులో సగం చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు